కంచం ఫోటోలు

జమ్మలమడుగులో, లావు తగ్గడానికీ షుగరుకూ వైద్యం చేసే చిన్న ఆస్పత్రి. మధ్యాహ్నం ఆఖరి టోకెనుతో డాక్టరు యోగేష్ గదిలోకి వచ్చిన లావుపాటి మనిషి, వచ్చింది మాత్రం వైద్యానికి కాదు.

“పేరు బాలకృష్ణయ్య అన్నారు కదా?”

“ఆ, అదే. బాలకృష్ణయ్య.”

“ఏ ఊరు?”

“పులివెందుల.”

“అట్లనా! మాదీ పులివెందులే. ఏ వీధి?”

“అదే... బస్టాండు కాడ.”

“పాత బస్టాండా, కొత్త బస్టాండా?”

“రెంటికీ నడుమ.”

“రెంటికీ నడుమ ఊరంతా ఉంది కదండీ. సరే, పోనీండి. ఏమి ఇబ్బంది మీకు?”

“నాకేం ఇబ్బంది! దుక్కమాదిరి ఉండా.”

“మరి టోకెన్ ఎందుకు తీసుకున్నారు?”

“ఈడికి ఆడోళ్లు శానామంది వస్తారంట కదా.”

“మగోళ్లూ వస్తారు.”

“నేనడిగింది ఆడోళ్ల సంగతి. ప్రొద్దుటూరు నుంచి కూడా వస్తారా?”

“వస్తారు.”

“ప్రొద్దుటూర్లో డాక్టర్లు లేరా? సందుకొకరు ఉండారు. బస్సెక్కి, దుమ్ము మింగి, నీ కాడికే ఎందుకు రావల్ల?”

“అది వాళ్లనే అడగాల. చొక్కా చెయ్యి పైకి మడవండి, బీపీ చూస్తా.”

“బీపీ ఆనక. వాట్సాపులో కూడా మాట్లాడతావంటనే?”

“పేషెంట్లకు నెంబరిస్తాం. తినబోయే ముందు కంచం ఫోటో తీసి పంపమంటాం. అది చూసి ఏది తగ్గించాల, ఏది పెంచాల అని రాస్తా.”

“పొద్దున్నొకటి, మధ్యాహ్నమొకటి, రేత్రొకటి.”

“మీకెట్ల తెలుసు?”

“శానా తెలుసు. పోయిన శనివారం మధ్యాహ్నం ఫోటోలో ఏముండిందో కూడా చెప్తా విను. నిమ్మకాయంత రాగిసంగటి. గోంగూర పప్పు. ఊరిబిండి పచ్చడి వేలితో నాకేంత. గిన్నె నిండా బీరకాయ కూర. కింద నువ్వు రాసినావు, ‘చాలా బాగుంది, రేపు నూనె ఇంకొంచెం తగ్గించండి’ అని. రాసినావా ల్యాదా?”

“రాసుంటా. బాలకృష్ణయ్యగారూ, ఆ ఫోటో మీకు...”

“యాడి బాలకృష్ణయ్య! జయప్రకాష్ నేను. ప్రొద్దుటూరు చెనిక్కాయల మండీ జయప్రకాష్‌ని. సుకన్య మొగున్ని!”

“ఓ.”

“‘ఓ’ ఏందప్పా, ‘ఓ’? మొగుడనేవాడు ఉంటాడని తెలీదా నీకు?”

“కొంచెం మెల్లగా. బయట టోకెన్లిచ్చే మేఘన ఉంది, వింటాది.”

“విననీ. ఊరంతా విననీ. మా ఇంట్లో కూరలో నూనె ఎంత పొయ్యల్లనో చెప్పేదానికి నువ్వెవరు? పెండ్లయ్యి ఇరవై రెండేండ్లు. ఉప్పు తక్కువైందని నేనంటే రెండు దినాలు మూతి ముడుచుకునే మనిషి. నువ్వు ఒక్క ముక్క రాస్తే చాలు, నూనె డబ్బా పోయి అటకెక్కింది. నాలుగు ఓళిగలు వేసి, వద్దంటే ఐదోది వేసే చెయ్యి, ఉగాదప్పుడు ఒకటేసి ‘అయిపాయె’ అనింది. ఎవరి నాలుకకు వండుతాందో నాకు తెలీదనుకుంటివా?”

“ఆమె ఏ తప్పూ చెయ్యలేదు సార్.”

“నువ్వు చెప్తే నేను నమ్మల్లనా? ఇంగోటుంది. ‘ఆయనకు తెలీకుండా చూసుకుంటాండా సార్’ అని రాసింది. నా కండ్లతో చూసినా. మొగునికి తెలీకుండా చూసుకునేది ఏముంటాదో నువ్వే చెప్పు.”

“ఆమె ఫోను మీరు చూసినారా?”

“చూసినా. ఆదివారం తలకు పోసుకునేకి పోతే చూసినా. ఆమె వచ్చేలోపల ఎంత చూస్తా? అయిదారు ముక్కలు. ఆ అయిదారు ముక్కలకే రేత్రి నాకు బువ్వ దిగలా.”

“మరుసటి రోజు దిగిందా?”

“ఎగతాళా?”

“అయ్యో, కాదు. ఆకలి ఎట్లుందో తెలుసుకుందామని.”

“నా ఆకలి నీకెందుకు! గురువారం వస్తే చాలు, ‘జమ్మలమడుగులో మా పిన్నమ్మకు బాగలేదు’ అని బయల్దేరతాది. ఎట్లుందో కనుక్కుందామని పిన్నమ్మకు ఫోన్ చేస్తే, మనవరాలితో మైలవరం డ్యాం చూసేకి పోయిందంట! మంచాన పడిన మనిషి డ్యాం ఎక్కుతాదా?”

“ఆ పిన్నమ్మ సంగతి నాకు తెలీదు.”

“నీకెట్ల తెలుస్తాది, నీకు తెలిసేది కంచమే కదా. ఆర్నెల్ల కిందట ఎట్లుండేదో తెలుసా సుకన్య? నిండుగా ఉండేది. ఇద్దరం నడిచొస్తాంటే ఎదురొచ్చినోళ్లు పక్కకు జరిగి దోవ ఇచ్చేవాళ్లు. ఇప్పుడు పదహైదు కిలోలు దిగిపాయె. పెట్టె అడుగున ఉండే పెండ్లినాటి జాకెట్లు తీసి తొడుక్కుంటాంది. అద్దం ముందర అట్ల ఒకసారి, ఇట్ల ఒకసారి తిరిగి చూసుకుంటాంది. నన్ను చూసి నవ్వి ఎన్నాళ్లాయనో, అద్దాన్ని చూసి నవ్వుతాంది.”

“తగ్గినాక ఎవరికైనా సంతోషమే కదా.”

“సంతోషం ఆమెకు. నాకు? మొన్న ఎర్రగుంట్ల స్టేషన్లో తెలిసినాయప్ప ఒకడు ‘ఏం సెట్టీ, పాపను ఏ కాలేజీలో చేర్చినావు’ అన్నాడు. పాప! ఆమె ఆ పక్కకు తిరిగి నవ్వుకునింది. ఇంటికి పోయేదాకా ఆమె పక్కన నిలబడలా నేను. నాలుగడుగులు వెనకనే నడిచినా.”

“బాధగానే ఉంటాది.”

“బాధ కాదప్పా, కడుపు మండుతాంది. నా మనిషి నా కండ్లముందరే ఎవరికోసరమో తయారైతాంటే... నిద్ర లేదు. ప్యాంట్లు నిలబడల్యా. ఇదో, బెల్టుకు రెండు బొక్కలు కొత్తగా పొడిపిచ్చినా. దిగులుతో చిక్కిపోతాండా నేను.”

“ప్యాంట్లు ఎప్పటినుంచి జారుతాండాయి?”

“మూడు నెలలైంది. ఎందుకు?”

“మెసేజులు చూసింది ఆదివారమే కదా. దిగులు అంతకుముందే మొదలైందా?”

“వాకింగుతో మొదలైంది. తెల్లవారి అయిదుకంతా లేసి బూట్లు తొడుక్కొని పోతాది. ఎవరి కోసరం పోతాందని నేనూ వెనకాలే పోతాండా. అరవై గజాలు ఎడం పెట్టి, గోడలు, కరెంటు స్తంబాలు చాటు చేసుకొని.”

“రోజూనా?”

“రోజూ. ఒక్క పొద్దు తప్పిస్తే ఆ పొద్దే ఎవడో వస్తాడని, వానలో కూడా మానలా.”

“ఎంత దూరం పోతారు?”

“మొదట్లో కాలేజీ గ్రౌండు దాకా పోయేది. ఇప్పుడు పెన్న వంతెన దాకా. పోనూ రానూ నాలుగు కిలోమీటర్లకు తక్కువ లేదు.”

“ఎవరన్నా కనపడినారా?”

“కుక్కలు కనపడినాయి.”

“చూడండి జయప్రకాష్‌గారూ. ఒక పేషెంటు సంగతి ఇంకొకరికి నేను చెప్పకూడదు. మొగుడైనా సరే.”

“ఇట్ల తప్పించుకుంటావని తెలుసు.”

“పేషెంటు సంగతి పేషెంటుకు చెప్పొచ్చు. ఈ ఫైలు మీద పేరు చదవండి.”

“అద్దాలు తేలా... జ... జయప్రకాష్. వయసు నలభై ఏడు. ఏంది? ఏందిది?”

“ఫైలు మీది. సుకన్యమ్మ ఇక్కడ పేషెంటు కాదు. తన బరువెంతని ఒక్కనాడు కూడా అడగలేదు.”

“మరి ఆ ఫోటోలు?”

“మీ కంచం.”

“నా కంచమా?”

“అంచు సొట్టపోయిన వెండి కంచంలో మీ ఇంట్లో ఎవరు తింటారు?”

“... నేనే. మా నాయనది అది.”

“ఫోటోలో చూసినప్పుడు గుర్తు పట్టలేదా?”

“తినేటప్పుడు నేను కంచం యాడ చూస్తా! చెనిక్కాయల ధరలు ఫోన్లోకి వచ్చేది ఆ టైముకే. కండ్లు ఫోన్లో, చెయ్యి కంచంలో. ఏం పెడితే అది తింటా. అయినా అది నాదే అయితే ఆమెకెందుకు తగ్గింది?”

“మీకొకటి, ఆమెకొకటి వండితే మీకు అనుమానం వస్తాదని ఇంటికంతా ఒకటే వంట చేసింది. మీరు తిన్నదే ఆమె తినింది. మీరు మండీలో బొరుగులు, మిరపకాయ బజ్జీలు తింటారు, ఆమె తినదు. కాబట్టి మీకన్నా ముందు దిగింది.”

“అబద్ధం. నా బరువు తెలీకుండా నా ఫైలెట్ల రాస్తావు? నేను మిషనెక్కిందే లేదు.”

“మండీలో ఫోన్లు మాట్లాడేటప్పుడు మీరు కూర్చునేది ఎక్కడ?”

“కాటా మీద. బస్తాలు తూచేది అయిపోతే నాకదే కుర్చీ.”

“కాటాకు నెంబర్లు కనపడతాయి కదా.”

“... మునెమ్మ!”

“పేరు నాకు తెలీదు. కాయలు చెరిగే ఆమె ఎవరో, వారానికొకసారి చూసి సుకన్యమ్మకు చెప్తాదంట. గురువారం ఆమె వచ్చి ఈ ఫైల్లో రాయించిపోతాది. మార్చిలో నూట తొమ్మిది. పోయిన వారం తొంభై తొమ్మిదిన్నర.”

“దిగులుతో...”

“దిగులుతో కాదు సార్. చిన్నదైన సంగటితో, గిన్నెడు కూరతో, నాలుగు కిలోమీటర్ల నడకతో. ఆ నడకది కూడా ఉంది, చదువుతా వినండి. ‘సార్, ఈ పొద్దు కూడా వెనకాలే వచ్చినాడు. ఆయాసం తక్కువగా వినపడింది. రేపటి నుంచి వంతెన దాకా పోవచ్చునా?’”

“అరవై గజాల ఎడం నుంచి నా ఆయాసం వినపడిందా ఆమెకు?”

“మొదట్లో వీధంతా వినపడేదంట.”

“గమ్మునుండు నాయనా... ఇదంతా నాతో చెప్పొచ్చు కదా? నా ఒంటి సంగతి నీతో ఎందుకు చెప్పల్ల? నేనేమన్నా చచ్చినానా?”

“చెప్పలేదా? జనవరిలో మీ ఊరి డాక్టరు షుగరు ఎక్కువుందని కాగితం ఇస్తే ఏం చేసినారు?”

“... చించినా.”

“చించి?”

“కాలవలో ఏసినా. మందు మాట ఎత్తితే ఇంట్లోకి రానని చెప్పినా.”

“ఎందుకట్ల?”

“నీకు తెలీదులే. మా నాయన బాగుండె. బండి తోలుకొని వీరపునాయునిపల్లె దాకా పోయి కాయలు బేరం చేసుకొని వచ్చేవాడు. ఒకనాడు కాగితం ఇచ్చినారు, షుగరని. మరుసటేడు కాలు తీసేసినారు. కాగితం రాకముందు ఆయనకు రెండు కాళ్లూ ఉండె సారూ. నాకదే గుర్తు.”

“కాగితం వల్ల పోలేదు కాలు. కాగితం వచ్చినాక కూడా చూపించుకోనందుకు పోయింటాది.”

“... చూపించుకోలా. నిజమే.”

“మనిషిని చూడకుండా నేను ఒక్క మాత్ర కూడా ఇయ్యలేదు. ఇయ్యకూడదు. తిండి, నడక, అంతే చెప్పినా. ఇంక రక్తం చూడాల, మూత్రం చూడాల, కండ్లు, కాళ్లు చూడాల. మాత్రలా, వారానికొకసారి సూదా, ఏదీ వద్దా అనేది దాన్నిబట్టే. తగ్గింది నిలబెట్టుకోవాలంటే ఇంకా కష్టం. పది తగ్గినానని మానేసినోళ్లు ఏడాదికి పన్నెండు పెంచుకొని వస్తారు నా కాడికి.”

“సారూ, ఒక మాటడుగుతా. ఈ ఆర్నెల్లలో ఆమె నీతో ఇంగేమన్నా మాట్లాడిందా? నా సంగతి కాకుండా?”

“లేదు.”

“ఒక్క మాట కూడా?”

“లేదండీ. ‘ఆయన తిన్నాడు, ఆయన తినలేదు, ఆయనకు మజ్జిగ పొయ్యొచ్చునా, ఆయన గురక తగ్గింది.’ నిజం చెప్తున్నా, పెండ్లయ్యి రెండేండ్లాయె, నా భార్య నా గురించి ఇందులో పదో వంతు అడిగింటే బాగుండు అని నాకే కడుపు మండేది.”

“నీకు మండిందా? నా మీదనా?”

“చెయ్యి ఇటు పెట్టండి.”

“పెడతా, పెడతా. ఒక్క మాట. నేను ఇట్ల అనుమానపడి, నీ మీదికి కొట్లాటకు వచ్చినానని ఆమెకు తెలియగూడదు. తెలిస్తే ఆమె మొగం చూడలేను. నేనే బుద్ధి తెచ్చుకొని వచ్చినానని చెప్పు. నీకు దండం పెడతా.”

“నేనేం చెప్పను. ఏం మేఘనా, ఎందుకట్ల వాకిట్లో నిలబడినావు?”

“సార్, ప్రొద్దుటూరు సుకన్యమ్మ ఫోన్‌లో ఉంది. సోమవారం నుంచి రోజుకు రెండుసార్లు ఇదే అడుగుతాంది, ‘మా ఆయన కొట్లాటకు ఇంగా రాలేదా? వస్తే మాత్రం రక్తం తియ్యకుండా వదలద్దమ్మా’ అని. ఏం చెప్పమంటారు?”