కాపీ వైరు, ఒరిజినల్ వైరు

వచ్చీ రాగానే అదేం ప్రశ్న బావా? ఇంకా చెప్పులైనా విప్పలేదు, గుక్కెడు మంచినీళ్ళు తాగలేదు, గుమ్మంలోనే పలక ఎత్తి మొహం మీద పెట్టేస్తారా? నా చేతిలో ఆన్ కాని ల్యాప్‌టాప్ మీ చేతిలో ఎలా ఆన్ అయిందట! పైగా ఎంత గుండ్రంగా రాశారో. కోపంలో కూడా ఒత్తులు తప్పలేదు.

చెప్తా. అన్నీ చెప్తా. ముందు కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి. మీరు మాత్రం నోరు మెదపకండి. గొంతు ఆపరేషన్ అయ్యాక పది రోజులు మాట్లాడకూడదన్నాడా లేదా డాక్టరు? ఇవాళ ఆరో రోజు. గుసగుసలు కూడా వద్దన్నాడు. వంటింట్లో అక్క ఒక చెవి ఇటే పడేసి ఉంది. మీరు 'ఊ' అన్నారంటే గరిటె పట్టుకుని వచ్చేస్తుంది.

అబ్బ, ఎంత హాయిగా ఉందో! పదమూడేళ్ళుగా మీకు మరదల్ని. ఒక్కసారైనా మీ ముందు ఇంతసేపు అడ్డు లేకుండా మాట్లాడానా? సగం మాటలోనే అందుకునేవారు కదా మీరు.

సరే సరే, ఆ చూపు వద్దు. నిన్న మధ్యాహ్నం నుంచీ నా కాళ్ళు నేల మీద ఆనట్లేదు బావా. పొద్దున మా జెరాక్స్ షాపులో ఒకాయన రెండు కాపీలు అడిగితే ఇరవై తీసిచ్చా. ఆయన ఏమీ అనలేదు పాపం, నా మొహం చూసి పుచ్చుకున్నాడు. మా ఓనరు మాత్రం ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. బాగా ఉండటమే కదా నా జబ్బు!

మొదటి నుంచీ చెప్తా, వినండి. మొన్న మీరు నాకు ఏం అప్పగించారు? బిస్కెట్ ఫ్యాక్టరీ వాళ్ళ పాతికేళ్ళ వేడుక. ఆపరేషన్‌కి ముందే ఒప్పేసుకున్నారు, మానడానికి లేదు. వేరే డీజేని పంపితే ఇక ఆ ఫ్యాక్టరీ వాడిదే అయిపోతుందని మీ భయం. అందుకని మరదలు గుర్తొచ్చింది. మరదలైతే పోటీకి రాదు కదా. రెండు గంటల పాటలూ మీ పెద్ద ల్యాప్‌టాప్‌లో మీరే వరసగా కలిపి పెట్టేశారు. నేను ఒక్క మీట నొక్కాలి, హెడ్‌ఫోన్ తగిలించుకోవాలి, చేతులు అటూ ఇటూ ఊపుతూ నవ్వాలి. పలక మీద 'నొక్కి నిలబడు' అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశారు.

మూడేళ్ళుగా అడుగుతున్నా బావా. మీ ఫంక్షన్లలో ఒక్క పాట, ఒక్కటంటే ఒక్క పాట నన్ను వాయించనివ్వండి అని. ఎప్పుడడిగినా ఒకటే మాట. ఆ అగ్గిపెట్టెతోనా, అని. నా చిన్న ల్యాప్‌టాప్‌కి ఆ పేరు పెట్టి చుట్టాలందరికీ పంచిపెట్టారు కదా. మొన్న పిన్ని ఫోన్ చేసి, నా క్షేమం కన్నా ముందు అగ్గిపెట్టె క్షేమం అడిగింది.

ఒప్పుకుంటా, అది చవక సరుకే. మా షాపులో పనికిరాదని మూలన పడేస్తే తెచ్చుకున్నా. నోటుపుస్తకమంత ఉంటుంది. డీజే సాఫ్ట్‌వేర్ తెరిస్తే కింది వరస మీటలు స్క్రీన్‌లో పట్టవు, కిందికి జారిపోయి కనపడవు. అందుకే కీబోర్డు మీద రంగు స్టిక్కర్లు అంటించుకున్నా. ఎరుపు నొక్కితే పాట మళ్ళీ మొదటికి వస్తుంది, పచ్చ నొక్కితే మోగుతుంది. వాయించే ముందు ఇంటర్నెట్ కట్టేస్తా, వైరస్ కాపలా కట్టేస్తా, అది ఊపిరి తీసుకోవడానికి ఏమేం అడ్డమో అన్నీ కట్టేస్తా. నలభై పాటలే ఎక్కిస్తా. ఏ పాటలో ఎన్ని తాళం దెబ్బలో ముందురోజే లెక్క కట్టించి పెడతా. మోగుతూ లెక్కపెట్టు అంటే దాని వల్ల కాదు మరి. అడుగున వేడెక్కకుండా నాలుగు మూలలా నాలుగు పెన్సిల్ రబ్బర్లు పెడతా. నవ్వండి, కానీ నోరు మూసుకుని నవ్వండి.

ఇంకో గుణం కూడా ఉంది దానికి. కాస్త నిదానం. మీట నొక్కాక అరదెబ్బ ఆలోచించుకుని గానీ పలకదు. కాబట్టి నేను అరదెబ్బ ముందే నొక్కుతా. మధ్యాహ్నం షాపులో ఎవరూ రాని వేళ, జెరాక్స్ మిషను చప్పుడుకి తగ్గట్టు నొక్కుతూ నొక్కుతూ నేర్చుకున్నా. మీరెప్పుడైనా అడిగారా, ఎలా వాయిస్తావని? అడగలేదు.

ఇక వైరు సంగతి. మీ పెద్దదానికైతే జనానికో దారి, మీ చెవికో దారి వేరువేరుగా ఉంటాయి. నాదానికి ఉన్నది ఒకే కన్నం. దానికి రెండు తోకల వైరు తగిలించుకున్నా. ఒక తోకలో జనం వినే పాట. రెండో తోకలో, తర్వాతి పాట కోసం నా చెవిలో నేను చేసుకునే వెతుకులాట. రెండు తోకలూ నల్లవే. తేడా తెలియాలి కదా? జనానిది 'ఒరిజినల్', నా చెవిది 'కాపీ' అని మా షాపు స్టిక్కర్లు అంటించా. నేనెంత తెలివైనదాన్నో అని మురిసిపోయా కూడా. అక్కడే కొంప మునిగింది.

నిన్న మూడింటికి వాళ్ళ ప్యాకింగ్ షెడ్డులో. బెల్టులన్నీ ఆపేసి ప్లాస్టిక్ పట్టాలు కప్పారు. షెడ్డంతా వెన్న వాసన. మూడొందల మంది వరసగా కుర్చీల్లో. ఎక్కువమంది ప్యాకింగ్ ఆడవాళ్ళే, తల మీద వల టోపీలు కూడా తియ్యలేదు. స్పీకర్లు వాళ్ళవే, నా బల్ల వాటి వెనకాల. మేనేజరు వచ్చి నా సరంజామా చూసి, మిగతా సామాను ఎప్పుడొస్తుందమ్మా అని అడిగాడు. ఇంతే అన్నా. ఆయన పాపం నా కోసం ఒక బిస్కెట్ ప్యాకెట్ తెచ్చి అగ్గిపెట్టె పక్కన పెట్టాడు. ప్యాకెట్టే పెద్దగా ఉంది బావా.

ఇక గబగబా వైర్లు గుచ్చా. ఇక్కడ జాగ్రత్తగా వినండి. పదకొండేళ్ళుగా జెరాక్స్ తీస్తున్న నా చేతులకి తెలిసింది ఏంటి? ఒరిజినల్ నా దగ్గర, మూత కింద ఉంటుంది. కాపీ అవతలి పక్క నుంచి జనానికి వెళ్తుంది. చేతులు నన్ను ఒక్క మాట అడిగితేగా! కాపీ తోక తీసుకెళ్ళి స్పీకర్లకి గుచ్చేశాయి. ఒరిజినల్ నా హెడ్‌ఫోన్‌కి.

తల పట్టుకోకండి, ఇంకా అయిపోలేదు.

మొదటి పాట వేసినప్పుడు ఏమీ తెలియలేదు. నా చెవి దారి కూడా ఆ పాట మీదే ఉంది కాబట్టి వాళ్ళకీ నాకూ అదే వినపడింది. ఒక్కరూ లేవలేదు. మూడొందల మందీ తాము చేసిన బిస్కెట్లు తామే నములుతూ కూర్చున్నారు. పోనీలే, రెండో పాటతో లేపుదామని నా చెవి దారిని దాని మీదకి తిప్పా. పచ్చ నొక్కా. చెవిలో ఇంకా మొదటి పాటే! ఎరుపు నొక్కి మళ్ళీ పచ్చ నొక్కా. మొదటి పాటే. అగ్గిపెట్టె బిగుసుకుపోయిందనుకున్నా. మీ పరువు, మీ ఫ్యాక్టరీ, నా మూడేళ్ళ బతిమాలుకోవడం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఎరుపు, పచ్చ, ఎరుపు, పచ్చ, ఎడాపెడా కొడుతున్నా. ఎక్కడో ధబ్, ధబ్, ధబ్‌ధబ్ అని వినపడుతోంది. నా గుండే అనుకున్నా, ఒట్టు!

తలెత్తి చూస్తే జనమంతా లేచి నిలబడ్డారు. నన్ను తన్నడానికే లేచారనుకున్నా.

ముందు వరసలో ప్యాకింగ్ సూపర్వైజరమ్మ. అమ్మ వయసు ఉంటుంది, మనిషి నిలువెత్తు. రెండు చేతులూ పైకెత్తింది. ఆవిడ వెనక వల టోపీలన్నీ. ధబ్ అనగానే రెండు చప్పట్లు, ఒక అడుగు. మళ్ళీ ధబ్, రెండు చప్పట్లు, ఒక అడుగు. షెడ్డు రేకులు అదురుతున్నాయి. అంటే ఏంటి? నా చెవిలో పడాల్సిన వెతుకులాట వాళ్ళ చెవుల్లో పడుతోంది. మొదటి పాట వాళ్ళకి ఎప్పుడో ఆగిపోయింది. రెండో పాట తొలి దెబ్బ మాత్రం, నేను కంగారులో కొట్టినన్ని సార్లు, మళ్ళీ మళ్ళీ పడుతోంది! సూపర్వైజరమ్మ తర్వాత చెప్పింది, బెల్టు మీద ప్యాకెట్లు కూడా అలాగే వస్తాయట. తియ్యి, తియ్యి, పెట్టు. పాతికేళ్ళుగా ఆ లెక్క వాళ్ళ ఒంట్లో ఉండిపోయిందట. నేను ఏడుపు మొహంతో కొట్టింది సరిగ్గా ఆ బెల్టు లెక్కే.

హెడ్‌ఫోన్ పీకి చూస్తే వైర్లు తారుమారైనట్టు అప్పుడు తెలిసింది. మార్చేద్దామని చెయ్యి అటు పోయింది. సూపర్వైజరమ్మ నా బల్ల మీద అరచేత్తో ఒక్కటేసింది.

"ఆపావో చూడు" అంది.

ఆపుతానా బావా? హెడ్‌ఫోన్ మెడలో పడేశా. రెండు గంటలు! ఎరుపు, పచ్చ, ఎరుపు, పచ్చ, అన్నీ అరదెబ్బ ముందే. పాట ఇచ్చినట్టే ఇచ్చి లాగేసుకోవడం. వాళ్ళు కాలు ఎత్తి దెబ్బ కోసం ఎదురుచూడటం, నేను ఇవ్వకపోవడం. ఇంకా ఇవ్వకపోవడం. ఇచ్చేయడం! మేనేజరు టై విప్పి జేబులో కుక్కుకున్నాడు. లారీ డ్రైవర్లు వచ్చారు, క్యాంటీన్ వాళ్ళు వచ్చారు, గేటు కాపలా ఆయన గేటు వదిలేసి వచ్చాడు.

ఒకసారి అగ్గిపెట్టె నిజంగానే ఆగిపోయింది. స్క్రీన్ కదల్లేదు, చప్పుడు లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. వాళ్ళు ఆగితేగా? రెండు చప్పట్లు, ఒక అడుగు, రెండు చప్పట్లు, ఒక అడుగు, వాళ్ళే నడిపించారు. నేను కూడా బల్ల మీద చేత్తో కొడుతూ నిలబడ్డా. అది తేరుకున్నట్టు కనిపించగానే, ఊపిరి బిగబట్టి, అరదెబ్బ ముందు పచ్చ నొక్కా. కచ్చితంగా అడుగు పడే చోటే పడింది బావా, వెంట్రుకవాసి తేడా లేకుండా. షెడ్డంతా ఒక్క కేక. నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు.

అయ్యో, అంత గట్టిగా నవ్వొద్దు, కుట్లు ఊడతాయి! ఏం లేదక్కా, బావకి పొలమారింది. నువ్వు పొయ్యి చూసుకో.

అయ్యాక మేనేజరు వచ్చి, ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. జెరాక్స్ షాపులో అన్నా. ఆయన నమ్మలేదు. వచ్చే నెల వాళ్ళ రెండో యూనిట్లో కూడా పెట్టాలట. సూపర్వైజరమ్మ అయితే ఆ చిన్నదే తెమ్మని, పెద్దది తెస్తే గేట్లోనే ఆపిస్తానని బెదిరించింది.

మళ్ళీ పలక. చూశా, చూశా, అదే ప్రశ్న, ఈసారి కింద గీత కూడా గీశారు. మీ ల్యాప్‌టాప్. సరే.

ఆన్ కాలేదని నిన్న అక్కకి ఫోన్లో చెప్పానే, అది అబద్ధం బావా. అసలు ఆన్ చేయనే లేదు. బ్యాగు జిప్పు కూడా తియ్యలేదు. తిన్నగా తీసుకెళ్ళి గేటు దగ్గర కాపలా గదిలో పెట్టేశా, వచ్చేటప్పుడు తెచ్చి నిన్న రాత్రే మీ ఇంటికి పంపించేశా. అప్పటికప్పుడు అనుకున్నది కాదు. మీరు 'నొక్కి నిలబడు' అని రాసిన రోజే అనుకున్నా.

భయం లేదా అంటే, చచ్చేంత భయం. మీ పేరు చెడితే అక్క మొహం ఎలా చూడాలని ఆటోలో దారంతా అదే ఆలోచన. రెండుసార్లు వెనక్కి తిప్పమందామనుకున్నా. కానీ నొక్కి నిలబడటం నాకు కొత్తా చెప్పండి? పదకొండేళ్ళుగా నా బతుకంతా అదే. మూత వేస్తా, నొక్కుతా, నిలబడతా. ఎవరి కాగితమో, ఎవరి అక్షరాలో. ఆ రెండు గంటలు కూడా మీ పాటలకి చేతులు ఊపి వచ్చేసి ఉంటే, ఈ జన్మకి ఇంక మిమ్మల్ని ఏదీ అడిగేదాన్ని కాను.

ఇంకొకటి ఉంది. అక్క వచ్చేలోపు అదీ చెప్పేస్తా.

మేనేజరు కాగితం తీసి, రెండో యూనిట్‌కి డీజే పేరు ఏమని రాయమంటావమ్మా అన్నాడు. మీరు సంపాదించిన ఫ్యాక్టరీ, మీకున్న పేరు, నాకు తెలియదా? మీ పేరు చెప్పాలనే నోరు తెరిచా బావా, నిజం. నా పేరు వచ్చింది. ఇంటిపేరుతో సహా చెప్పా. ఆయన తప్పు రాస్తే దిద్దించా కూడా.

వెన్నుపోటు అనుకుంటారో, పొగరు అనుకుంటారో మీ ఇష్టం. తప్పంటే తప్పే. రేపు మళ్ళీ అడిగినా నా పేరే చెప్తా.