హస్తాకారం

1946లో ఒక సాయంత్రం చిత్తూరులో బడిపంతులు ఒకాయన ఆముదం ఆకు పట్టుకొని ఇంటికి వచ్చాడు. భార్య అరుగు మీద కూర్చొని చింతపండులో గింజలు తీస్తోంది.

“సూడు, చెయ్యి చాపినట్టు లేదా? దీన్ని హస్తాకారం అంటారు. వేళ్ళు విప్పినట్టుండే బాతు పాదానికీ అదే మాట.”

“ఎవరు చెప్పినారు?”

“మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన టీచరమ్మ.”

“పెండ్లయిన ఏడే నేను చెప్పినాను, ఆముదం ఆకు చెయ్యి మాదిరి ఉండాదని. మీరు నవ్వినారు.”

“నాకు గుర్తు లేదే.”

“నాకుండాది. ఆమె ఆకు పక్కన చెయ్యి పెట్టి చూపించిందా?”

“పిల్లోళ్ళకు తెలియాలని పెట్టింది.”

“ఆ చేతికి ఎన్ని గాజులుండాయి?”

“రెండు.”

అనేశాక, ఆ జవాబు చెప్పి ఉండకూడదని అతనికి తోచింది. ఆమె చింతపండు పళ్ళెం పక్కకు జరిపింది.

“పలక తీసుకొని రండి. ఆ మాట రాసేది నాకు నేర్పించండి.”

“నీకు ఓనమాలే రావు కదా.”

“ఆ మాటతోనే మొదలుపెట్టండి. ఆమెకు వచ్చి నాకు రాని మాట ఈ ఇంట్లో ఉండకూడదు.”