తాళం వేసిన బొమ్మల అలమారా

అధ్యక్షస్థానంలో ఉన్న మా కమిటీ పెద్దగారికి, ముఖ్య అతిథిగా విచ్చేసి, వచ్చినప్పటి నుంచీ చేతి గడియారం వంకే చూసుకుంటున్న సిమెంటు వ్యాపారిగారికి, వేదిక మీది పెద్దలకు, వేదిక మీద చోటు దొరకలేదని ముఖం ముడుచుకుని కింద కూర్చున్న పెద్దలకు, నాతో పాటు ఒళ్లు హూనం చేసుకున్న ఆయాలకు, వంటవాళ్లకు, మాస్టార్లకు, ఈ ఇంట్లో పెరిగి ఇవాళ పని మానుకుని వచ్చిన నా పిల్లలకు, కదలకుండా కూర్చోమంటే నిజంగానే కదలకుండా కూర్చుని నాకు దిగులు పుట్టిస్తున్న చిన్నవాళ్లకు, అందరికీ నమస్కారం.

నా ముందు మాట్లాడినవాళ్లంతా నన్ను త్యాగమూర్తి అన్నారు. ఎవరినైనా త్యాగమూర్తి అన్నారంటే వాళ్లకి జీతం పెంచే ఉద్దేశం లేదని నాకు ఎప్పుడో అర్థమైంది. (నవ్వులు) కార్యదర్శిగారు ఇంకో అడుగు ముందుకేసి, ‘ఈ అనాథలందరికీ అమ్మ’ అన్నారు. అయ్యా, ఈ పిల్లలు నన్ను పెద్దమ్మ అని పిలుస్తారు. ఏ ఒక్కరూ, జ్వరంలో కూడా, అమ్మా అని పిలవలేదు. తేడా వాళ్లకి తెలుసు. మైకు పట్టుకున్నవాళ్లకే తెలియదు.

పదవీ విరమణ చేస్తున్నదాన్ని కృతజ్ఞతలు చెప్పమని పిలిచారు కాబట్టి ముందు దాతలకు చెబుతాను. చిరిగిన సంచుల్లో జిప్పులు ఊడిన ప్యాంట్లు, జత తప్పిన బూట్లు, గడువు దాటిన దగ్గు మందు తెచ్చి, ‘మాకు పనికిరావు, మీకు పనికొస్తాయి కదా’ అని మనసు విప్పి చెప్పిన పుణ్యాత్ములందరికీ కృతజ్ఞతలు. తమ అబ్బాయి పుట్టినరోజు కేకు ఇక్కడికి తెచ్చి కోయించి, తాము పుట్టిన రోజేదో తెలియని పిల్లల చేత ఆ అబ్బాయి పేరు పెట్టి పాట పాడించి, ‘ఇంకాస్త గట్టిగా నవ్వండర్రా’ అని ఫొటోలు తీసుకున్నవాళ్లకు కృతజ్ఞతలు. సెలవుల్లో దూరదేశాల నుంచి వచ్చి, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, వెళ్లేటప్పుడు వెక్కివెక్కి ఏడ్చిన కుర్రకారుకు కృతజ్ఞతలు. వాళ్లు విమానం ఎక్కేదాకా ఏడ్చారు. మా పిల్లలు ఆ తర్వాత మొదలుపెట్టారు. ఆ ఏడుపు ఎవరూ ఫొటో తీయలేదు.

ఒకసారి నన్ను అనాథ బాలల సంక్షేమం మీద జరిగిన ప్రపంచ సదస్సుకు పంపారు. పెద్ద హోటలు. పిల్లల ఆకలి గురించి మాట్లాడి అలసిపోయినవాళ్ల కోసం గడియ గడియకీ ఫలహారాలు. నా పక్కన వేరే ఖండం నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది, ఆవిడా నాలాగే పిల్లల ఇల్లు నడుపుతుంది. దుబాసీని పిలిచి నేను అడిగిన మొదటి మాట, ‘మీ దగ్గర కూడా అతిథులకు చూపించే గది వేరే ఉందా?’ అని. ఆవిడ నవ్వింది. ఆ నవ్వుకి దుబాసీ అక్కర్లేకపోయింది. ఆవిడ దగ్గర కూడా చాలామంది పిల్లలకు తల్లో, తండ్రో, అమ్మమ్మో బతికే ఉన్నారట. గతిలేక తెచ్చి దింపిన పిల్లలట. యుద్ధం జరిగిన చోటైనా, వరద ముంచిన చోటైనా, రోగం తుడిచిపెట్టిన చోటైనా అదే వరస. బిడ్డని అక్కున చేర్చుకునే పిన్నికో తాతకో ఆసరా ఇవ్వమంటే ఎవరికీ చెయ్యి రాదు. ఆ బిడ్డనే తీసుకొచ్చి ఒక ఇనప మంచం మీద పడుకోబెడతామంటే మాత్రం లోకమంతా చందాలిస్తుంది. ఎందుకంటే పిన్ని ఇంటి గోడ మీద దాత పేరు చెక్కించడం కుదరదు. (ఎవరో చప్పట్లు) ఆగండి, చప్పట్లు మీ మీదికే వస్తాయి.

నేను చేరిన కొత్తలో సంగతి ఒకటి చెబుతాను. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఒకావిడ, చనిపోయిన అక్క పిల్లల్ని ఇద్దరిని తెచ్చి నా ముందు నిలబెట్టింది. పెద్దది ఆడపిల్ల, పాల పళ్లు ఊడుతున్న వయసు. చిన్నవాడు దాని గౌను అంచు వదలడు. ‘పదిమందితో కలిసి ఒక గదిలో ఉంటున్నానమ్మా, వేరే గది చూసుకుని వచ్చి తీసుకెళ్తా’ అంది పిన్ని. ఆ మాట నేను చాలామంది నోట విన్నాను. ఈవిడ మాత్రం నిజంగానే గది తాళంచెవి పట్టుకుని వచ్చింది.

ఈలోగా ఇక్కడ రెండు పనులు జరిగాయి. పిల్లకి ‘వకీలు’ అని పేరు పడింది, ఎందుకు, ఏమిటి అని అడగనిదే అన్నం ముద్ద కూడా మింగేది కాదు. పిల్లవాడేమో పిల్లలు లేని ఒక ధనిక దంపతుల కంట్లో పడ్డాడు. వాళ్లకి వాడొక్కడే కావాలి. అక్క వద్దు, అక్కకి గుర్తులెక్కువ అట! అప్పటి కార్యదర్శిగారు ఆ దంపతుల్ని సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు, పిన్నిని గేటు బయట ఎండలో నిలబెట్టారు. ఆ పూట వకీలు నేరుగా సోఫా దగ్గరికి వెళ్లి ఆ ఇల్లాలిని అడిగింది: ‘అమ్మగారూ, మావాడికి భయమేస్తే నా జడ పట్టుకుంటాడు. మీ ఇంట్లో ఎవరి జడ పట్టుకుంటాడు?’ ఆవిడ జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. కాఫీ కప్పు కింద పెట్టేసింది పాపం.

కమిటీవారు తీర్మానించారు. పిన్నిది ఒంటి గది, ఒకటే కిటికీ, పిల్లల భవిష్యత్తు పాడవుతుంది అన్నారు. ఆ మాట అన్న పెద్దమనిషి తను ఒంటిగదిలోనే పుట్టి పెరిగానని ప్రతి వార్షికోత్సవంలో గర్వంగా చెప్పుకునేవాడు. (నవ్వులు) నాకు ఒళ్లు మండింది. నేనే పిన్నిని వెంటబెట్టుకుని పిల్లల కోర్టుకి వెళ్లాను. జడ్జిగారు వకీలుని దగ్గర కూర్చోబెట్టుకుని, ‘మీ హోంలో బొమ్మలున్నాయి కదమ్మా, పిన్ని ఇంట్లో లేవు కదా?’ అన్నారు.

‘ఉన్నాయండి. అద్దాల అలమారాలో. అతిథులొస్తే తాళం తీసి మా చేతికిస్తారు, వెళ్లాక లాక్కుంటారు.’

‘మరి మీ పిన్ని బాగా చూసుకుంటుందా?’

అది ఆలోచించింది. అబద్ధం చెప్పే వీలున్నా చెప్పలేదు. ‘కొడుతుందండి అప్పుడప్పుడు. కొట్టి మళ్లీ దగ్గరికి తీసుకుంటుంది. ఇక్కడ ఎవరూ కొట్టరు. ఎవరూ దగ్గరికి తీసుకోరు.’

నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఇన్నేళ్లలో నాకు ఇచ్చిన సన్మాన పత్రాలన్నీ కలిపినా ఆ మాట చెరిగిపోలేదు.

పిల్లలిద్దరూ పిన్నితో వెళ్లారు. నన్ను శిక్షగా గోదాముకి మార్చారు, ఇందాక చెప్పిన జత తప్పిన బూట్లతో నాకు చనువు ఏర్పడింది అక్కడే. నేను లేకపోతే చిన్నపిల్లలు నిద్రపోవడం లేదని ఆయాలు గోల చేస్తే, తిట్టుకుంటూనే మళ్లీ పిలిచారు. వకీలు వకీలు కాలేదు. లిఫ్టులు బాగుచేసే పనిలో ఉంది, చేతికి నూనె మరకలతో అదిగో, ఆ స్తంభం పక్కన కూర్చుంది. తమ్ముడు చెడు సావాసాలు పట్టి, పిన్ని చేత చీవాట్లు తిని, దారిలో పడి, రొట్టెల బట్టీలో కుదురుకున్నాడు. పోస్టరు మీద వేసుకునేంత గొప్ప కథ కాదు. మన ఇళ్లలో పిల్లలు ఎలా పెరుగుతారో అలాగే పెరిగారు, అంతే. పిన్ని ఇవాళ రాలేదు, మోకాళ్ల నొప్పి. వస్తే మాత్రం ఏం, ఆవిణ్ని వేదిక మీదికి పిలిచేవారా?

ఇప్పుడు కొత్త భవనం సంగతి. నమూనా అట్టతో చక్కగా చేయించి బల్ల మీద పెట్టారు. దానికి నా పేరు పెడతామన్నారు. వద్దండీ. మంచాలు ముందు కొని, వాటిని నింపడానికి పిల్లల్ని వెతికే ఇంటికి నా పేరు వద్దు. ముఖ్య అతిథిగారూ, సిమెంటు మీది, ఆ సిమెంటుతో గేటు పక్కన బంధువులు కూర్చునే గది ఒకటి కట్టించండి చాలు. దాని మీద మీ తాతగారి పేరే వేయించుకోండి, నాకు అభ్యంతరం లేదు. (నవ్వులు) అధ్యక్షులవారు చీటీ పంపించారు, ముగించమని. ముగిస్తున్నా.

ఇందాక అధ్యక్షులవారు మొదటి వరుసలో చివర కూర్చున్న పెద్దాయనకి వంగి నమస్కరించి పూలగుత్తి ఇచ్చారు, కొత్త దాత అనుకున్నట్టున్నారు. ఆయన సైకిళ్లు బాగుచేసుకునే మనిషి. మనవరాల్ని ఇంటికి తీసుకెళ్లొచ్చని కోర్టు చెప్పి వారం దాటింది. కానీ మన కార్యక్రమం అయ్యేదాకా ఆగమన్నారు, ఎందుకో తెలుసా? ఇందాక మీరంతా ముచ్చటపడిన స్వాగత నృత్యంలో మధ్యలో నిలబడింది ఆ పిల్లే. ప్రతి రోజూ ఆయన గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లాడు. ఇవాళ నేనే లోపలికి తెచ్చి, రాని మంత్రిగారి కుర్చీలో కూర్చోబెట్టాను.

నాట్యం అయిపోయింది. ఈ సాయంత్రం దాకా ఈ ఇంటికి సూపరింటెండెంటుని నేనే. తల్లీ, ఆ గజ్జెలు విప్పి ఆయాకి ఇచ్చెయ్, చెప్పులు వేసుకుని రా. తాతగారూ, లేవండి. పూలగుత్తి మీ దగ్గరే ఉంచుకోండి, మీకిచ్చిందే కదా.

భోజనాలకి నా కోసం ఆగకండి, నేను వీళ్లిద్దర్నీ బస్సెక్కించాలి. ఓపిగ్గా విన్నవారికి, ఓపిక లేకపోయినా లేవలేక విన్నవారికి కృతజ్ఞతలు. సెలవు.