మోతి చెవులు

కోంటలో పశువుల ఆసుపత్రి వెనక దొడ్డి. తెల్లారితే పెళ్లి. పెళ్లికొడుకు కిరణ్‌కుమార్ మోతి అనే గుర్రం మీద, పెళ్లికూతురు, పశువుల డాక్టర్ సన్నే కింద.

"దించు సన్నే, దించు. మోతి మళ్ల ఒణుకుతున్నది."

"ఒణుకుతున్నది నువ్వు. నీ ఒణుకే దానికి అందుతున్నది. జూలు వదులు, కళ్లెం నా చేతిలనే ఉన్నది కదా."

"వదిలితె పడత. రేపు బజార్ల అందరి ముందట పడితె మా అమ్మ మొహం ఎక్కడ పెట్టుకుంటది? జగదల్‌పూర్ నుంచి ఏరికోరి తెప్పించింది దీన్ని. మా పెద్దనాయన కొడుకులందరు గుర్రమెక్కిన్రంట, నేనొక్కన్ని బొలెరోల పోతె ఇజ్జత్ పోతదంట."

"పడవు. వచ్చిననాడు బ్యాండు వింటెనే గోడ దుంకబోయింది ఇది. దాన్ని తోలుకొచ్చిన మనిషి కొరడా తీసిండు, నేను గుంజుకున్న. ఫోన్ల బ్యాండు చిన్నగ పెట్టుడు, తల దించంగనే బెల్లం ముక్క ఇచ్చుడు, మళ్ల కొంచెం సౌండు పెంచుడు. ఇప్పుడు బ్యాండు మోగితె బెల్లం ఏదని నా జేబు చూస్తది. దానికి బ్యాండు భయం పోయింది."

"మరి దేనికి భయం?"

"నీ భయానికి. దీని మీద స్టడీ ఉన్నది, విను. గుర్రాల్ని నడిపించేటోళ్లకు చెప్పిన్రంట, ఈసారి పక్కన గొడుగు టక్కున తెరుస్తమని. తెరవనే లేదు. అయినా మనుషుల గుండె దడదడ, గుర్రాల గుండె కూడ దడదడ."

"నాకేం దడ లేదు."

"చెవులు ఎనక్కి పెట్టింది."

"అంటే, అబద్ధమంటున్నదా?"

"అబద్ధం సంగతి దానికేం తెలుసు? నీ ఒళ్లు బిగుసుకున్నదని చెప్తున్నది. చూద్దాం ఉండు. మీ కొట్టు గురించి ఏదన్న మాట్లాడు."

"సిమెంటు లోడు దిగింది. చింతపండు బాగొస్తున్నది ఈసారి. ఇప్పపువ్వు ఇంకా..."

"చూసినవా, కింది పెదవి ఏలాడేసింది. నిద్రపోయేటట్టున్నది. ఇప్పుడు మీ అమ్మ గురించి."

"మా అమ్మ బంగారం. నువ్వంటె పానం. మోతి ఏమన్న అన్నదా?"

"తోక ఊపింది. ఈగ కావచ్చు. ఇప్పుడు పెళ్లైనంక నా ఉద్యోగం గురించి చెప్పు."

"అమ్మో, పట్టుకో, పట్టుకో."

"నువ్వు నోరు తెరవకముందే ఎగిరింది."

"ఆడ కుక్క పోయింది."

"కుక్క లేదు కిరణ్. నేను ఉద్యోగం చేస్తనంటె మీ అమ్మ సంతోషపడ్డదని చెప్పినవ్."

"చెప్పిన."

"చెవులు."

"చెప్పిన కదా."

"కిరణ్, చెవులు."

"నువ్వు దాని చెవులు చూసుడు ఆపు. నన్ను చూడు."

"నిన్ను ఏడాది నుంచి చూస్తున్న, ఏం దొరకలే."

"మానేస్తదని చెప్పిన. పెళ్లైనంక నీ అంతట నువ్వే మానేస్తనన్నవని అమ్మకు చెప్పిన. అమ్మ అడగనే లేదు సన్నే. అడుగుతదేమోనని నేనే ముందు చెప్పేసిన."

"దిగు."

"ఇంత ఎత్తు నుంచా?"

"దిగు. జరుగు అటు, నేనెక్కుత."

"దిగిన, నువ్వెక్కినవ్ కదా, ఇగ కోపం చేసుకోకు. నాకు అమ్మంటె భయం, నువ్వంటె ఇంకా భయం. ఇద్దరికి నచ్చేది చెప్పిన, అంతే."

"కిష్టారం నుంచి ఊరూరికి అడవి బాటల నడుచుకుంట కోళ్లకు టీకాలేసిన. ఈ చేతులతోటి ఎన్ని దూడల్ని బయటికి తీసిన. మీ కొట్ల కూసొని మేకులు తూస్తనా? నాకు ఈ పెళ్లి వద్దు."

"సన్నే..."

"ఏం నవ్వుతున్నవ్?"

"చెవులు ఎనక్కి పోయినయ్."

"వద్దన్న కదా."

"తల ఎగరేసింది. కాలు దువ్వుతున్నది. నీ ఒళ్లు బిగుసుకున్నదంట."

"ఇదొక పిచ్చి గుర్రం."

"మళ్ల పోయినయ్."

"నవ్వకు. నువ్వు నవ్వితె నాకూ నవ్వొస్తది, కోపం పోతది. ఫోన్ తీయి. మీ అమ్మకు నిజం చెప్పు, ఇప్పుడే, నా ముందట. చెప్తెనే రేపు పెళ్లి."

"చెప్త. మరి నేను గుర్రం మీద ఎట్ల?"

"నువ్వెక్కకు. మా గొల్లపల్లి దిక్కు పెళ్లికూతురే పెళ్లికొడుకు ఇంటికి పోతది. అబ్బాయి మనింటికి ఎందుకొస్తుండని మా నాయిన మొదటి నుంచి అడుగుతనే ఉన్నడు. నేనెక్కుత. నువ్వు కళ్లెం పట్టుకొని ముందు నడువు."

"హలో, అమ్మా. ఆ, తిన్న. అమ్మా, ఒక ముచ్చట. సన్నే ఉద్యోగం మానదు. లే, ఆమె అనలే, నేనే అబద్ధం చెప్పిన. ఇంకోటి కూడ ఉన్నది. రేపు గుర్రం మీద నేను పోను. సన్నే వస్తది. ఔ, గుర్రమెక్కి. మనింటికే."

"ఏమంటున్నది?"

"ఏమంటలేదు."

"కోపమా?"

"ఏమో. ఫోన్ల చెవులు కనపడ్తయా?"

"అడుగు మరి."

"అమ్మా? వింటున్నవా? ఆ... ఆ... సరే, అడిగి చెప్త."

"ఏందంట?"

"కోడలు అంత ఎత్తుల కూసుంటె హారతి ఎట్ల అందుతదని. మీ ఆసుపత్రిల స్టూలుందా?"