కారానికి లొంగిన బద్దెపురుగు

"ఒరే జయరావూ, ఆ సంచి కింద పెట్టి కూర్చో. గుంటూరు బస్సు యేసుపాదం టీ బంకు ముందే ఆగుద్ది, మనల్ని దాటి ఎక్కడికీ పోదు. అమ్మాయ్ రెబ్కా, నువ్వీ బల్ల మీదకి రా, ఇక్కడ నీడుంది. ఏంటమ్మా, అట్లా పొట్ట పట్టుకున్నావు?" అన్నాడు జక్రయ్య.

"ఆసుపత్రికే బాబాయ్," అన్నాడు జయరావు. "దీనికి నెల్లాళ్ళుగా కడుపులో నొప్పి. ఎంత తిన్నా ఒంటికి పట్టట్లేదు. ఇప్పుడేమో దొడ్డికెళితే సొరగింజల్లాంటివి పడుతున్నాయంట, తెల్లగా, చదునుగా."

"కదిలాయా అమ్మాయ్? భార్యాభర్తలిద్దరూ నా మొహం చూస్తారేంటి, రోగం దగ్గర సిగ్గేంటి?"

"కదిలాయి మావయ్యా," అంది రెబ్కా తల దించుకునే.

"అయితే బద్దెపురుగే. ఈ జక్రయ్యని ఊళ్ళో పెట్టుకుని గుంటూరు బయల్దేరారా మీరు? ఆ పురుగుని నేనెరిగినట్టు ఈ జిల్లాలో ఇంకెవడూ ఎరగడు. చీమకుర్తిలో నల్లరాయి తవ్వకం మొదలెట్టిన కొత్తలో నేను క్వారీలో మేస్త్రీగా ఉన్నాగా..."

"బండలు మోశావని విన్నానే," అన్నాడు యేసుపాదం టీ వడపోస్తూ.

"మోస్తూనే మేస్త్రీగా ఉన్నా, నువ్వు విను. ఓ ఆదివారం ప్రార్థన అయ్యాక కూలోళ్ళమంతా కలిసి పందిమాంసం వండుకున్నాం. ముక్కల్లో అక్కడక్కడా బియ్యపు గింజల్లాగా తెల్లగా కనపడితే కొవ్వేలే అనుకున్నాం. ఆకలి మీదున్నామా, సగం ఉడకంగానే దించేశాం. కొరికితే లోపల ఇంకా ఎర్రగానే ఉంది. వద్దన్నవాళ్ళు వద్దన్నారు. నేను మాత్రం గుప్పెడు కారం చల్లుకుని లాగించేశా, మన మిరపకాయ ముందు ఏ రోగం నిలబడుద్దని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆకలి పట్టుకుంది. మామూలు ఆకలి కాదురా, నన్ను చూస్తే హోటలాయన పట్టపగలే తలుపేసుకునేవాడు. నేనేమో చీపురుపుల్లలా ఐపోతున్నా. తిన్నదంతా ఎటు పోతోందా అని నాకే వింతగా ఉండేది. ఆఖరికి ఆ సొరగింజలు కనపడ్డాక ఒంగోల్లో ఓ డాక్టరుగారి దగ్గరికెళ్ళా."

"ఏమన్నాడు బాబాయ్?"

"మొట్టమొదటే పందిమాంసం తిన్నావా, సరిగ్గా ఉడికిందా అని అడిగాడు. గదిలో కూర్చుని ఆయనకెట్లా తెలిసిందంటావు? ఆ తెల్లగింజలు కొవ్వు కాదయ్యా, పురుగు పిల్లలు, ముక్క లోపలిదాకా ఉడికితేనే చస్తాయి, లేకపోతే పేగుకి కొక్కెం తగిలించుకుని కాపురం పెడతాయన్నాడు. ఆ పురుగున్నవాడు బయటికెళ్ళిన చోటునించి దాని గుడ్లు కాలవలోకీ, కొత్తిమీర మీదకీ చేరతాయంట. అందుకని ఆకుకూర బాగా కడగమన్నాడు, దొడ్డికెళ్ళొచ్చాకా అన్నం ముందూ సబ్బుతో చేతులు కడగమన్నాడు, గోళ్ళు తీసుకోమన్నాడు. గుడ్లు నోట్లోకి పోతే మెదడుక్కూడా ఎక్కొచ్చంట."

"మెదడుకా?" రెబ్కా తలెత్తింది.

"ఆయనట్లా అన్నాడులేమ్మా. మాత్రలిచ్చాడు. బయటికొచ్చి వాటిని మురిక్కాలవలో పడేశా. మిరప పండించేవాడికి మాత్రలేంటి? పూటకింత పచ్చికారం మింగడం మొదలెట్టా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా పొట్టలోంచి దగ్గు వినపడింది. నేను నోరు మూసుకునే ఉన్నా, దగ్గు మాత్రం వస్తానే ఉంది. పక్కనోళ్ళు నాకు క్షయేమో అని మంచం దూరంగా లాక్కున్నారు. ఇంకొంచెం కారం పడేసరికి పురుగు తట్టుకోలేక తల బయటపెట్టి మజ్జిగ అడిగింది."

"ఎటునించి పెట్టింది తల?" అన్నాడు యేసుపాదం.

"జనం టీ తాగే చోట అడిగే మాటేనా అది? మాతో బండలు మోసే క్రీస్తుదాసు మజ్జిగ గ్లాసు చూపిస్తా వెనక్కి నడిచాడు, పురుగు వాడి వెంట వస్తానే ఉంది. వాడు ఒంగోలు బస్టాండు దాటాడు, తోక ఇంకా చీమకుర్తిలో నా పొట్టలోనే ఉంది. అడ్డంగా పడుందని రోడ్డు మీద లారీలన్నీ ఆగిపోయినయ్యి. అంతలో క్వారీలో క్రేను తాడు తెగింది. గుంటలో ఇంటంత బండ. తాడు బదులు పురుగుని కట్టి లాగితే ఆ బండ కొబ్బరిచిప్పలా పైకొచ్చింది. మా ఓనరు దానికి ఉద్యోగం కూడా ఇస్తానన్నాడు. ఈలోపు వాడరేవు పడవలోళ్ళు వచ్చి బతిమాలి పట్టుకెళ్ళారు. తుఫానుకి సముద్రం మీదకొస్తుంటే దాంతో సముద్రాన్నే రేవుకి కట్టేశారు. ఇప్పటికీ చూడు, అక్కడ అల కొంత దూరం వచ్చి వెనక్కిపోద్ది. ఎందుకనుకున్నావు? తాడు అంతవరకే ఉంది."

యేసుపాదం నవ్వాడు. జయరావు నవ్వలేదు. సంచి భుజాన వేసుకుని రోడ్డు వైపు కాకుండా ఊరి వైపు తిరిగాడు.

"పత్తి ఎట్లాగూ తెల్లదోమ పాలయ్యింది బాబాయ్. మిరపకాయ కోతకొచ్చింది. గుంటూరు పోతే రోజంతా పాడు. ఇంటికి తీసుకెళ్ళి ఆ కారమే తినిపించనా?"

"తినిపించరా, నేను లేనూ? పూటపూటకీ వచ్చి చూసుకుంటా."

అప్పుడే మలుపులో బస్సు హారను వినపడింది. రెబ్కా లేచి నిలబడింది.

"మావయ్యా, మొన్న మీ చేలో కాయ కోతకొచ్చాను. కాయ విరిస్తే లోపల పచ్చపురుగు, గింజల మధ్యన బలిసి పడుకునుంది. అది పుట్టింది మిరపచెట్టు మీద, తిన్నది మిరపకాయ. ఒక్కసారి దగ్గలేదు. దాన్ని చంపడానికి మీరే ఈ బస్సెక్కి గుంటూరెళ్ళి మందు డబ్బా తెచ్చారు. చేలో పురుగుకేమో గుంటూరు మందు, నాకు మాత్రం మిరపకాయా?"

యేసుపాదం టీ పొయ్యడం ఆపి జక్రయ్య మొహం చూశాడు. రెబ్కా మొగుడి భుజాన్నుంచి సంచి తీసుకుని బస్సెక్కింది. జయరావు ఒక్క క్షణం ఇటూ అటూ చూసి, పరుగున వెనకే ఎక్కాడు.

"అది వేరమ్మా," అంటూ జక్రయ్య బస్సు పక్కన నడిచాడు. "అది చేలో పుట్టిన మొరటు పురుగు. చదువూ సంధ్యా లేనిది. దానికి కారమేదో తీపేదో తెలిసేడుస్తుందా?"

కండక్టరు రైట్ అన్నాడు. రెబ్కా కిటికీలోంచి తల బయటపెట్టింది.

"నా కడుపులోది ఏ బళ్ళో చదివింది మావయ్యా?"