చార్టులో పేరు లేని చార్టమ్మగారు

పంతొమ్మిది వందల తొంభై మూడవ సంవత్సరం జూన్ పద్నాలుగవ తేదీ, సోమవారం నాడు, ఒక చేత నియామకపు ఉత్తర్వునూ మరో చేత చంటిబిడ్డ పాలసీసా ఉన్న సంచినీ పట్టుకుని మా బస్సు డిపో విచారణ కౌంటరులో గుమాస్తాగా ప్రవేశించిన మాన్యురాలు, మేమందరం చార్టమ్మగారని పిలుచుకునే మా సీనియర్ సహాయకురాలు, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సందర్భంగా నాలుగు మాటలు రాయమని వీడ్కోలు సంచిక సంఘం వారు నన్ను ఆదేశించారు. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ని. డ్రైవరుగా నడుము పోగొట్టుకుని ఆమె పక్క కుర్చీలో సహాయకుడిగా పడ్డవాణ్ని. నా తరువాత చేరినవాళ్లు అధికారులై కార్లలో తిరుగుతున్నారు, సంతోషం. ఈ సంస్థ, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరినీ మెచ్చుకోదు, వెళ్లేనాడు అందరికీ అవే విశేషణాలు పంచుతుంది. అవి నాకు రావు. చూసింది చూసినట్టు రాస్తాను.

విచారణ కౌంటరులో మూడేళ్లు ప్రయాణికుల ఆగ్రహాన్ని చిరునవ్వుతో భరించిన పిమ్మట, ఆమెకు చార్టు గది అప్పగించబడినది. ఏ బండికి ఏ డ్రైవరు, ఏ కండక్టరు, ఎవరికి వీక్లీ ఆఫ్, ఎవరు స్పేర్ అన్నది రోజూ నిర్ణయించే గది అది. స్పేర్ అంటే డిపోలో సిద్ధంగా కూర్చుని, ఎవరు రాకపోతే వారి బండి ఎక్కవలసినవాడు. ఆ కుర్చీలో కూర్చున్నవారిని తిట్టని సిబ్బంది ఏ డిపోలోనూ ఉండరు. అంతకు ముందు కూర్చున్న మహానుభావులు తిట్లకు జడిసి తలుపు గడియ వేసుకునేవారు. ఈమె తలుపు బార్లా తీసి పెట్టారు. ఇంటి నుండి ఫోను చేసిన కూతురికి ఎక్కాలు ఒప్పజెప్పించుకుంటూనే కిటికీ దగ్గర నిలబడ్డ డ్రైవరుకు సమాధానం చెప్పగల నేర్పు ఆమెది. "ఏడెనిమిదులు యాభై ఆరు, నీకు రేపు ఆఫ్ లేదు, ఏడు తొమ్మిదులు ఎంతమ్మా?" అని ఒకే ఊపిరిలో అనేవారు. ఆఫ్ దొరకని డ్రైవరు కోపం మరిచి, "అరవై మూడండీ" అని చెప్పి వెళ్లిపోయేవాడు.

అయితే ఆ ఫోన్లే ఆమె మెడకు చుట్టుకున్నాయి. రెండు వేల ఒకటవ సంవత్సరంలో, ఇంటి ధ్యాస ఎక్కువైనదనే కారణం చూపి, ఆమెను తిరిగి షిఫ్టుల విచారణ కౌంటరుకు పంపి, చార్టు గదిని మరొకరికి ఇవ్వాలని పై ఆఫీసులో తలపెట్టారు. తనిఖీ అధికారి వచ్చి చూసి సంతకం పెట్టడమే తరువాయి. ముందురోజు కిటికీ దగ్గర, అప్పటికింకా డ్రైవరునైన నాతో ఆమె అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తు.

"తమ్ముడూ, షిఫ్టు అంటే తెల్లవారకుండానే ఇక్కడుండాలి. మా ఆయనదీ మిల్లులో షిఫ్టే. అత్తయ్యగారికి మోకాళ్లు. పిల్లల్ని ఎవరు లేపి తయారు చేస్తారు? కుర్చీ పోయిందంటే నేను ఉద్యోగం మానుకోవడమే."

అంతలోనే ఆమే నవ్వారు. "అప్పుడు నేనూ మా అత్తగారూ పొద్దస్తమానం ఒకే ఇంట్లో ఉండాలి. పాపం, ఆవిడ ఎవరికేం అపకారం చేసిందని?"

ఆ సాయంత్రం చార్టు పని మిగిలిపోయి ఇంటికి తీసుకువెళ్లారు. పూర్తి చేసి, కవరులో పెట్టి, వాళ్ల వీధిలోనే ఉండే మా కాపలాదారు చేతికిచ్చి, తెల్లవారుజామున బోర్డుకు అంటించమన్నారు. కళ్లజోడు లేనిదే చెయ్యి కూడా కనపడని ఆయన, జోడు పెట్టుకోకుండానే అంటించాడు. మొదటి బండ్లకు వచ్చిన మేము బోర్డు ముందు గుమికూడి చదివినది ఇది: ఆయన, గిన్నెలు, రెండో షిఫ్టు. పెద్దమ్మాయి, బట్టల మడత. చిన్నోడు, మొక్కలకు నీళ్లు. కుళాయి కట్టేయనందుకు మొదటి హెచ్చరిక. అత్తయ్యగారు, కూరలు తరగడం, కూర్చుని మాత్రమే. మధ్యాహ్నం విశ్రాంతి తప్పనిసరి.

ఒక కండక్టరు తల గోక్కున్నాడు. "గిన్నెలంటే ఏ రూటురా?"

"ఏ రూటైతే ఏం, ముందు ఆ చిన్నోడి సంగతి చూడండి. సంజాయిషీ అడక్కుండా హెచ్చరిక ఇచ్చేశారు, యూనియన్ ఏం చేస్తోంది?" అన్నాడు మరొకడు.

నవ్వులు ఆగకముందే తనిఖీ అధికారి కారు గేటులోకి వచ్చింది. బండ్లన్నీ యార్డులో నిలిచి ఉన్నాయి. బండ్లను బయటికి పంపే మా కంట్రోలరు పరుగున వెళ్లి ఆమె ఇంటికి ఫోను చేశాడు. ఆమె అప్పటికే బయలుదేరారు, అత్తగారు ఎత్తారు. అసలు చార్టు, ఇంటిపనుల చార్టనుకుని పిల్లలు అంటించగా, వాళ్ల వంటగది తలుపు మీద ఉన్నదట. వేరే దారి లేక, కంట్రోలరు ఆ ఫోనును యార్డు మైకుకు ఆనించాడు. డిపో అంతటా ఆ పెద్దావిడ గొంతు మోగింది.

"ఒకటో బండి, నూట పన్నెండో నంబరు. పక్కన పెన్సిల్‌తో బుంగమూతి అని రాసింది. ఎవరు నాయనా బుంగమూతి? ఎక్కు. రెండో బండి... గొణుగుడు అట. ఈ గొణుగుడు ఎవరు?"

యార్డులో ఉన్నవారందరూ తిరిగి నా వంక చూశారు. నేను వెళ్లి రెండో బండిలో కూర్చున్నాను. నాకు ఆ పేరు ఉన్నదని నాకు అప్పుడే తెలిసింది.

ఒక్కొక్క పేరూ చదువుతుండగా ఒక్కొక్క బండీ సిద్ధమైంది. ఆ సమయంలోనే చార్టమ్మగారు గేటులోకి వచ్చారు. ఆకాశం నుండి వినవస్తున్న అత్తగారి గొంతు విని అక్కడే నిలబడిపోయారు. తరువాత కొంగు సర్దుకుని నేరుగా కంట్రోలు గదిలోకి నడిచారు. అధికారి చేతిలో బోర్డు నుండి పీకిన ఇంటి చార్టు ఉంది. మైకు ఇంకా తెరిచే, గది కిటికీ మా ఎదురుగానే ఉన్నందున మేమందరం విన్నాము, చూశాము.

"ఏమిటమ్మా ఇది? ఇల్లూ డిపో కలిపేస్తారా?"

"కలపలేదండీ, కవర్లు మారాయి. కలిపేదాన్నైతే మా చిన్నోడికి బస్సు ఇచ్చేదాన్ని కాదు, వాడి మీద ఇప్పటికే ఒక హెచ్చరిక ఉంది. ఒక్క బండైనా ఆలస్యమైందేమో అడగండి."

"ఒక్కటీ కాలేదండీ," అన్నాడు కంట్రోలరు.

అధికారి ఇంటి చార్టును పైనుండి కిందికి చదివారు. "ఇందులో అందరూ ఉన్నారు. మీరేరి?"

"నేను స్పేర్ అండీ. ఎవరు చేయలేకపోతే వాళ్ల పని నాది."

"మరి మీ ఆఫ్ ఎప్పుడు?"

దేనికైనా చప్పున బదులిచ్చే మనిషికి బదులుగా ఈసారి మైకులో అత్తగారి గొంతు మోగింది. "అదే బాబూ, పెళ్లైన దగ్గర్నుంచీ నేనూ అడుగుతున్నా. చెప్పదు."

నవ్వడం మరిచిపోయారని మేమందరం నమ్మిన ఆ అధికారి నవ్వారు. సంతకం కోసం తెచ్చిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. "చార్టు మీ దగ్గరే ఉంచండి. ఇకపై డిపోకు తెల్ల కవరు, ఇంటికి పసుపు కవరు వాడండి," అని ఆదేశించి వెళ్లారు. ఆ ఆదేశం నేటికీ మా డిపోలో అమలులో ఉన్నది. నాకు తెలిసి పై ఆఫీసు నుండి వచ్చిన పనికొచ్చే ఆదేశం అదొక్కటే.

అటుపిమ్మట చార్టు గది కంప్యూటరుకు మారినా, రెండుసార్లు పదోన్నతి లభించినా, ఆ తలుపు మాత్రం మూతపడలేదు. పసుపు కవరుతో పెరిగిన అమ్మాయి నేడు తన ఇంట్లో తానే చార్టు వేస్తున్నది. చిన్నోడు కుళాయి కట్టేయడం నేర్చుకున్నాడని వినికిడి. డిపోలో ఎవరింట్లో బిడ్డకు జ్వరమొచ్చినా అడగకముందే ఆఫ్ దొరికేది; ఆఫ్ ఇచ్చినవారికి మాత్రం దొరికేది కాదు. ఆమె పేరు తెల్ల కవరులోనూ లేదు, పసుపు కవరులోనూ లేదు. అందరి పనినీ తూచి పంచిన చేయి తన వంతు మరిచిపోయినదని నా ఫిర్యాదు. గొణుగుడని పేరెలాగూ ఉంది కనుక అచ్చులోనే గొణుగుతున్నాను.

ఒకటో తారీకు నుండి చార్టు వేసే బాధ్యత నాకు అప్పగించారు. తొలి చార్టు వేసి తెల్ల కవరులో పెట్టాను. పసుపు కవరు కూడా నేనే సిద్ధం చేశాను. మోకాళ్లు మొరాయిస్తున్నా మాట తడబడని వారి అత్తగారితో ఫోనులో సంప్రదించి మరీ చేశాను. మొదటి వరుసలో చార్టమ్మగారు: ఆఫ్. చివరి వరుసలో, మిల్లు నుండి ఎప్పుడో విశ్రాంతి పొందిన వారి శ్రీవారు: స్పేర్. అక్కా, ఈ చార్టులో మార్పులు చేసే అధికారం ఇకపై మీకు లేదు. అత్తగారి ఆయుష్షును మించిన ఆయుష్షుతో, ఆవిడ గొంతులోని సత్తువతో, మోకాళ్ల నొప్పి ఎరుగని ఆరోగ్యంతో, మీ వారు తోమిన గిన్నెల్లో తప్పులు పట్టుకుంటూ, మీరు ఆ ఆఫ్‌ను చిరకాలం అనుభవించాలని డిపో యావన్మంది తరఫున కోరుకుంటున్నాను.