కొంగల క్లబ్బుకి తొమ్మిదో మనిషి

"గొప్పలు చెప్పుకోవడం నాకు నచ్చదు తమ్ముడూ. ఏదో బంతిని ఒక్క తన్ను తన్నాను. క్లబ్బు పుట్టింది. అంతే నేను చేసింది."

ఏసుపాదం ఆ మాట అనేసరికి ఫెబీ గుండెలో రాయి పడింది.

బాతెల్ ఊళ్లోని తెలుగు చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాలు. బయట వాన. వెనక వరండాలో కుర్చీలు గోడకి జరుపుకుని కూర్చున్నారు. ఫెబీ అప్పటికి అరగంట నుంచి నీరజ్‌ని బతిమాలుతోంది. నీరజ్ బాపట్ల అబ్బాయి. ఈ మధ్యనే ఉద్యోగం మారి ఇక్కడికి వచ్చాడు. కాలేజీలో వాలీబాల్ ఆడినవాడు, ఏ గుమ్మమైనా తల వంచి దాటాలి. అలాంటి మనిషి దొరికితే ఏ కెప్టెన్ వదులుతుంది?

ఫెబీ బాతెల్ హెరాన్స్ అనే జట్టుకి కెప్టెన్. మనవాళ్లు కొంగల క్లబ్బు అంటారు. ఆడేది ఆస్ట్రేలియావాళ్ల ఫుట్‌బాల్. బంతి కోలగా ఉంటుంది, నేలకి తగిలితే ఎటు పోతుందో దానికే తెలీదు. కాలితో తన్నచ్చు, చేత్తో పట్టచ్చు. ఆడా మగా కలిసి తొమ్మిదిమంది దిగాలి. శనివారం ఆటకి ఎనిమిదిమందే ఉన్నారు. మనుషుల్లేక రెండు ఆటలు ఇప్పటికే వదులుకున్నారు. ఈ మధ్యాహ్నం మూడింటికల్లా తొమ్మిదో పేరు పంపకపోతే లీగ్‌వాళ్లు పోటీల జాబితాలోంచి క్లబ్బునే కొట్టేస్తారు. పన్నెండేళ్ల క్లబ్బు.

నీరజ్ ఆమె ఫోన్ అందుకుని పేరు కొట్టబోతుండగా, కబుర్లు మొదలుపెడితే ఆగని ఏసుపాదం పళ్లెంతో వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మా ఆఫీసులో ఒక ఆస్ట్రేలియా ఆయన ఉండేవాడు. నక్కదోసకాయలాంటి బంతి తెచ్చి, తన్ను పాదం అన్నాడు. చెప్పులతోనే తన్నాను. పార్కింగ్ లాట్ ఈ చివర నుంచి ఆ చివరకి పోయింది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని, నీ కాలు ఉండగా క్లబ్బు లేకపోవడం పాపం అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"క్లబ్బు పెట్టారు. అంకుల్, నీరజ్ ఇక్కడ ఒక్క పేరు..."

"ఆగమ్మా ఫెబీ, చరిత్ర తెలీకుండా సంతకాలేంటి? మొదటి ఆటలో తన్నిన బంతి దేవదారు చెట్ల మీంచి, నది మీంచి పోయి, పక్కూరు కెన్మోర్‌లో నీళ్ల మీంచి లేచే విమానం ఉంటుంది చూడు, దాని రెక్కకి అంటుకుంది. విమానం ఎక్కడికి? అలాస్కాకి! బుధవారం పోస్టులో బంతి మా ఇంటికే వచ్చింది."

"అడ్రస్ ఎవరు రాశారన్నా?" అన్నాడు నీరజ్.

"రాయడమెందుకు? దాని మీద నా పాదం అచ్చు చూసి పోస్టాఫీసువాళ్లే గుర్తుపట్టారు."

నీరజ్ నవ్వాడు. ఫెబీకి ఊపిరి వచ్చింది. నవ్వేవాడు ఆడతాడు. కానీ ఏసుపాదానికి నవ్వు చూస్తే పూనకం.

"అదేముంది, పోర్ట్‌లాండ్‌వాళ్లతో ఆట విను. చివరి నిమిషం. ఐదు పాయింట్లు వెనకబడ్డాం, గోల్ పడితే ఆరు. బంతి పైనుంచి వస్తోంది. అవతలివాడి భుజాలెక్కి ఎగిరాను. ఎగురుతున్నా, ఎగురుతున్నా, మబ్బులు దాటేశాను. అక్టోబరు నెలలో బాతెల్‌లో ఎండ చూసినవాణ్ణి నేనొక్కణ్ణే తమ్ముడూ! పైన సిగ్నల్ బాగుంది, మేనేజర్ ఫోన్ చేశాడు, పొద్దుటి మీటింగ్ అక్కడే అటెండ్ అయ్యాను. దిగేసరికి నా కింద నలిగినవాళ్లు ఆరుగురు. ముగ్గురికి చేతులు విరిగాయి."

నీరజ్ వేలు ఫోన్ మీద ఆగిపోయింది. "విరిగాయా?"

"అంకుల్, ప్లీజ్!"

"ముగ్గురేంటి, పదకొండుమంది! అంబులెన్సులు చాలక స్కూల్ బస్సు పిలిచారు."

"సిస్టర్, ఏమనుకోవద్దు," అని నీరజ్ ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. "చెయ్యి విరిగితే నా ప్రాజెక్ట్ పోతుంది, వీసా కూడా పోతుంది. చూడ్డానికి తప్పకుండా వస్తా." మర్యాద కోసమన్నట్టు అడిగాడు, "ఆ క్యాచ్ ఎవరన్నా చూశారా అన్నా?"

"మీ ప్రిస్సిల్లా అక్క చూసింది! గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు బొబ్బలెక్కాయి. వంటింట్లో ఉంది, వెళ్లి అడుగు."

ప్రిస్సిల్లా వంటింట్లో లేదు. పెరుగు గిన్నెతో మొగుడి కుర్చీ వెనకే నిలబడి ఉంది.

"గట్టు మీద కూర్చున్నది మీరు కదండీ," అంది, నీరజ్ పళ్లెంలో పెరుగు వడ్డిస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా. "పిల్లకి డైపర్ మారుస్తున్నారు. క్యాచ్ పట్టింది నేను."

వరండాలో అందరూ ఇటు తిరిగారు.

"ఆంటీ, మీరా?" ఫెబీ లేచి నిలబడింది. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఈవిడ చేతి అన్నం తింటోంది, ఆటకి రమ్మని ఒక్కసారైనా అడిగిందా!

"మనుషులు తక్కువయ్యారంటే వెళ్లాను. రెండేళ్లు ఆడాను, బాబు పుట్టాక మానేశాను."

"మరి మబ్బులూ..." అన్నాడు నీరజ్.

"మబ్బులా? జానెడు ఎగిరి ఉంటాను. ఎవరికీ ఏం కాలేదు. నా మోకాలు గీసుకుపోయింది, సోమవారం ఆఫీసుకి వెళ్లాను."

"గెలిచారా ఆంటీ?" అంది ఫెబీ.

"ఎక్కడ! గోల్ గుంజల మధ్యకి తన్నబోతే పక్క గుంజల మధ్యకి పోయింది. దానికి ఒక్క పాయింటే. నాలుగు పాయింట్లతో ఓడిపోయాం."

ఏసుపాదం గొంతు సవరించుకున్నాడు. "చప్పట్లు మాత్రం నేను నిజంగానే కొట్టాను ప్రిస్సీ."

"డైపర్ చేత్తోనా?"

అందరూ ఘొల్లుమన్నారు. అందరికంటే ముందు ఏసుపాదమే నవ్వాడు.

ఫెబీ నవ్వలేదు. టైం రెండూ యాభై నాలుగు. ఫోన్ ప్రిస్సిల్లా వైపు చాపింది. "ఆంటీ, శనివారం మీకు పనేమన్నా ఉందా?"

ప్రిస్సిల్లా ఫోన్ వంక చూసింది. వానలో తడుస్తున్న గడ్డి వంక చూసింది. పెరుగు గిన్నె తీసి మొగుడి ఒళ్లో పెట్టి, చీర కొంగుకి చేతులు తుడుచుకుంది.

"ఏడో సైజు బూట్లు దొరుకుతాయా?"